మూత ఎవరు తీశారని అడిగిన మేడం

మా మేడం పోయారన్న కబురు నాకు కాజీపేటలో బండి మారుతుండగా తెలిసింది. మహబూబాబాద్ దవాఖానలో ఉన్న ఆమెను చూడడానికే హైదరాబాద్ నుంచి బయలుదేరాను. కాలేజీలో నాకు జూనియర్ అయిన డోర్నకల్ అమ్మాయి ఫోన్ చేసింది. "మేడం ఇగ లేదక్కా. నువ్వు ఉరుక్కుంట రాకు" అంది. తొందరపడాల్సిన పని ఇక లేదని చెప్పడానికి అంతకన్నా మెత్తని మాట ఆ పిల్లకు దొరకలేదు. నేను ప్లాట్‌ఫాం మీద నిలబడే ఉన్నాను. ఎక్కాల్సిన బండి వచ్చింది. ఎక్కాను.

ఆమె మాకు మహబూబాబాద్ కాలేజీలో, డిగ్రీలో కెమిస్ట్రీ చెప్పిన లెక్చరర్. తర్వాతి వారం కాలేజీలో సంతాప సభ పెట్టారు. ఫొటోకు దండ వేశారు, దీపం పెట్టారు. మాట్లాడినవాళ్లంతా మంచివాళ్లే, అన్నవన్నీ మంచి మాటలే. కానీ వేదిక మీది పెద్దమనిషి ఒకాయన, "బయట ఎవరేమిచ్చినా తాగొద్దు, జాగ్రత్తగా ఉండాలి అని మన ఆడపిల్లలకు నిత్యం బోధించిన తల్లి" అన్నప్పుడు నాకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి బయటికి వచ్చేశాను. ఆ మాట ఆమె ఒక్కనాడూ అనలేదు. ఆ మాట మీద కోపంతోనే ఆమె తన చివరి ఏళ్లు గడిపారు. ఆమె చేసిన పనికి పూర్తిగా విరుద్ధమైన పనిని ఆమె పేరున రాసి దండ వేస్తే, ఆ దండ ఎవరికి వేసినట్టు? అది సరిచేయకుండా ఆమెను సాగనంపడం నావల్ల కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది దంతాలపల్లి దగ్గర ఒక తండా. ఇంట్లో మాట్లాడేది మా భాష. తెలుగు బడిలో నేర్చుకున్నది. డిగ్రీ రెండో ఏడాదిలో హాస్టల్ స్నేహితురాలి అక్క నిశ్చితార్థానికి భూపాలపల్లి పోయాను. బొగ్గు బావుల కాలనీ, ఇంటి ముందు టెంటు, మిట్టమధ్యాహ్నం. వరసకు బంధువునని చెప్పుకున్న ఒకాయన ట్రేలో కూల్‌డ్రింకులు తెచ్చి ఆడవాళ్ల వైపు పంచాడు. మూతలు తీసి, స్ట్రాలు వేసి ఇచ్చాడు. మా దిక్కు అదే మర్యాద. చుట్టం చేతిలో మూసిన సీసా పెడితే మోటుతనం. మనమే మూత తీసి చల్లగా అందించాలి. అందుకున్నవాళ్లు కాదనకుండా తాగాలి. నేను కాదనలేదు. కాసేపటికి టెంటు గుంజలు వంగడం మొదలుపెట్టాయి.

నా అదృష్టం కొద్దీ స్నేహితురాలి నాయనమ్మ నా పక్కనే కూర్చుని ఉంది. పిల్లకు ఎండ తగిలినట్టుంది, లోపల పండుకోబెడతానంటూ ఆ ట్రే మనిషే ముందుకు వచ్చాడట. ముసలమ్మ నా చెయ్యి వదలలేదట. "పండుకుంటె దవాఖానల పండుకుంటది. నువ్వు ఆటోను పిలువుపో" అందట. ఆటో వచ్చింది గానీ అతను మళ్లీ కనపడలేదు. సీసాలో మత్తుమందు కలిపారని దవాఖానలో చెప్పారు.

తర్వాత అందరూ నన్ను ఒకటే అడిగారు: ఎందుకు తాగినవ్? దవాఖానలో నర్సు అడిగింది, హాస్టల్ వార్డెన్ అడిగింది. మా యాడి ఏడుస్తూ అడిగింది. మా భాషలో అమ్మను అలాగే పిలుస్తాం. అడిగి అడిగి వాళ్లు అలిసిపోయాక నన్ను నేనే అడుక్కోవడం మొదలుపెట్టాను. బాపు మాత్రం ఏమీ అడగలేదు. చదువు చాలన్నాడు. హాస్టల్‌కు పోయి నా పెట్టె ఇంటికి తెచ్చాడు.

మేడం మా తండాకు ఆటో కట్టించుకుని వచ్చారు. అప్పటిదాకా ఆమెకు నేను వెనక బెంచీలో కూర్చునే ఒక పిల్లను, అంతే. మంచం మీద కూర్చుని చెమట తుడుచుకుని, నా వైపు తిరిగి అడిగిన మొదటి మాట ఇది.

"మూత ఎవరు తీసిన్రు?"

నాకు అర్థం కాలేదు. ఆమె ఓపికగా మళ్లీ అడిగారు. నువ్వు తాగిన సీసా మూత నువ్వే తీశావా, ఇంకెవరైనా తీశారా, నీ కళ్ల ముందు తీశారా అని. నేను చెప్పాను. ఆమె తల ఊపి, ఇక నాతో పని అయిపోయినట్టు మా బాపు వైపు తిరిగారు.

"సీసల మందు కలిపినోడు పొద్దుగాల లేసి తన పనికి తాను పోతున్నడన్నా. నీ బిడ్డనేమో ఇంట్ల కూసోవెట్టినవ్. శిక్ష ఎవరికి పడ్డది?"

బాపు నేల చూశాడు. లోకం మంచిగ లేదు మేడం అన్నాడు. లేదు నిజమే అని ఆమె ఒప్పుకున్నారు. "అందుకని లోకాన్ని ఇడిసిపెట్టి పిల్లను కట్టేస్తవా?"

అంతలో మా యాడి చెంబుతో నీళ్లు తెచ్చింది. తెచ్చి, ఇవ్వకుండా నిలబడి, మొహం గంభీరంగా పెట్టి, "దీనికి మూత లేదు మేడం. తాగుతవా మరి?" అంది. మేడం నవ్విన నవ్వుకు పక్కింటివాళ్లు తొంగి చూశారు. చెంబు ఖాళీ చేసి ఇంకో చెంబు అడిగి తాగారు. ఆ తర్వాతి సోమవారం బాపు నా పెట్టెను తన బండి వెనక కట్టుకుని హాస్టల్‌లో దించి వచ్చాడు.

ఆ నీళ్ల సంగతి మీరు గుర్తుంచుకోవాలి. ఎందుకంటే తర్వాత ఆమెను అనుమానపు మనిషి అన్నవాళ్లు చాలామంది. ఆమె ఎవరింట్లోనైనా తాగేవారు. రైల్లో పక్క సీటు వాళ్లు ఫ్లాస్కులోంచి టీ పోసిస్తే, చక్కెర ఎక్కువైందని వంక పెట్టి మరీ తాగేవారు. కానీ దుకాణంలో ఏ సీసా చేతికొచ్చినా తలకిందులు చేసి, పిండి, మూత చుట్టూ గోరు తిప్పి చూసేవారు. కాలేజీ ముందరి కిరాణా ఆయన ఆమెను దూరం నుంచి చూసి, "మేడం వస్తున్నది, సీసలు లోపల దాసుండ్రి" అని భార్యతో వేళాకోళం ఆడేవాడు. ఆమె బ్యాగులో పుస్తకాల కన్నా మూతలెక్కువ. నడుస్తుంటే గలగలమనేది.

గురువారం ఆఖరి పీరియడ్ ల్యాబులో మాకు ఒక ఆట పెట్టారు. సగం మంది దొంగలు, సగం మంది కావలివాళ్లు. కావలివాళ్లు సీసాకు ఏదో ఒక ముద్ర వేయాలి. దొంగలు దాన్ని విప్పి, ఏమీ ఎరగనట్టు మళ్లీ పెట్టాలి. దొరికితే దొంగ ఓడినట్టు, దొరక్కపోతే ముద్ర ఓడినట్టు. దొంగల్లో అందరికన్నా గట్టిది ఆ డోర్నకల్ అమ్మాయి. వాళ్ల నాయిన రైల్వే మనిషి; పనిముట్లు పట్టుకోవడం ఇంట్లోనే నేర్చింది. ఆమె చేతిలో మా ముద్రలన్నీ ఓడిపోయాయి. మేడం ఆ పిల్లను కోప్పడలేదు సరికదా, ముద్ర తయారుచేసే పని ఆమెకే అప్పగించారు.

పెద్ద కంపెనీల సీసాలకు మూత కింద ఒక రింగు ఉంటుంది. మొదటిసారి తిప్పినప్పుడు టక్కున తెగుతుంది. కానీ మన దగ్గర పెళ్లిళ్లకు బాదంపాలు, లస్సీ, మజ్జిగ ఊళ్లోనే సీసాల్లో నింపుతారు. వాటికి ఏ రింగూ ఉండదు. ఆ సీసాలు నింపే చిన్నవాళ్లు కొనగలిగేది ఏదైనా చేయాలన్నది మేడం పట్టు. చివరికి మేము చేసింది ఒక కాగితపు పట్టీ. మూత మీదుగా సీసా మెడకు రెండు వైపులా అంటుతుంది. దాంట్లో సన్నటి కోతలుంటాయి కాబట్టి మెల్లగా ఊడదీద్దామన్నా ఊడదు, ముక్కలైపోతుంది. అతికిద్దామంటే ఆ ముక్కలు కలవవు. మొదటిసారి ఐసు డ్రమ్ములో వేస్తే బంక కరిగి పట్టీలన్నీ నీళ్ల మీద తేలాయి. మేడం చెయ్యి ముంచి ఒక్కొక్కటీ ఏరి బల్ల మీద ఆరేస్తూ, "మంచిగైంది. ఇంట్లనే మునిగినం, పెండ్లిల మునగలే" అన్నారు. నీళ్లకు ఊడని బంక దొరికేసరికి ఇంకో సెమిస్టర్ పట్టింది.

స్టాఫ్ రూములో ఒక సారు, మీరు పిల్లలకు అనుమానం నేర్పుతున్నారు అన్నాడట. మేడం ఆ సంగతి మాకు ల్యాబులో చెప్పారు. ఆయనకు తానిచ్చిన జవాబు కూడా చెప్పారు: "అనుమానం వాళ్లకు పుట్టంగనే నేర్పిన్రు సార్. నేను దాన్ని వాళ్ల నెత్తి మీదికెళ్లి దించుతున్న. ఇగ సీస మోస్తది."

కాగితం తయారైంది. దాన్ని వాడేవాళ్లు కావాలి. మేడం పుట్టిల్లు బచ్చన్నపేట. భూములున్న కుటుంబం. వాళ్ల అన్న రాజకీయాల్లో తిరిగిన మనిషి, జనగామలో ఆయనకొక ఫంక్షన్ హాలు ఉంది. ఆ హాల్లోనే ఆయన కొడుకు పెళ్లి కుదిరింది. మేనత్తగా నేను అడిగే కట్నం ఇదే అని మేడం పట్టుబట్టి, పెళ్లి బాదంపాల సీసాలన్నిటికీ మా పట్టీలు వేయించడానికి ఒప్పించారు. పెళ్లి పొద్దున మేము నలుగురు ఆడపిల్లలం వంటల గది పక్కన కూర్చుని, వేళ్లు అంటుకుపోయేదాకా పట్టీలు వేశాం. వేసి, మొహాలు కడుక్కుని, మంచి బట్టలు కట్టుకుని రావడానికి పోయాం.

వచ్చేసరికి మేడం వదినగారు, ఆమె చెల్లెళ్లు, ఇంకా ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లు చాప వేసుకుని కూర్చుని, కబుర్లు చెప్పుకుంటూ, మా పట్టీలన్నీ చింపి, మూతలు తీసి, ట్రేలలో పేర్చేస్తున్నారు. చాప నిండా కాగితం ముక్కలు. పెళ్లికి వచ్చినవాళ్లకు శ్రమ ఎందుకని. వదినగారు మమ్మల్ని చూసి, "మంచిగనే అతికిచ్చిన్రు గని పిల్లలూ, గోర్లు పోతున్నయ్" అని నొచ్చుకుంది కూడా.

నాకు ఏడుపు వచ్చింది. మేడం ఒక కుర్చీ లాక్కుని కూలబడి, కళ్లద్దాలు తీసి, నవ్వడం మొదలుపెట్టారు. ఎంతసేపు నవ్వారంటే, వదినగారు భయపడి చెయ్యి పట్టుకుంది. మేము ఊహించిన దొంగలందరికీ ఆ పట్టీ ఎదురు నిలిచింది. మర్యాద ముందు నిలవలేకపోయింది. భూపాలపల్లిలో నాకు సీసా ఇచ్చినవాడు దేని చాటున నిలబడ్డాడో ఆ చాప మీద నాకు స్పష్టంగా కనిపించింది. అతనికి తాళం పగలగొట్టే పనే పడలేదు. తలుపు మనమే తీసిపెట్టాం.

నవ్వు ఆగాక మేడం చాప పక్కన ఇంకా చింపని సీసా ఒకటి తీసుకున్నారు. ముందు వరసలో కూర్చున్న వాళ్ల పెద్దమ్మ దగ్గరికి పోయి, కాళ్లు మొక్కి, ఆ మూసిన సీసా చేతిలో పెట్టారు. "పెద్దమ్మా, నీ చేతితోనే తియ్యి. నీకంటె ముందు దీన్ని ఎవ్వలు ముట్టలే."

ముసలమ్మ సీసాను అటూ ఇటూ తిప్పి చూసింది. "అంటె ఎంగిలి గాలేదన్నట్టు" అంది. అంతే. తన గోటితో పట్టీ చింపి, పక్కనున్న ఆమెకు తనకేదో గొప్ప గౌరవం జరిగినట్టు ఆ ముక్క చూపించింది. ఎన్ని నెలలు ల్యాబులో తన్నుకున్నా మాకు దొరకని మాట అది. మూసి ఉండడమంటే అనుమానం కాదు, ఎవరూ ముట్టకపోవడం. దేవుడికి పెట్టేది ఎట్లా పెడతామో అట్లా. ఆ వరసలోని ఆడవాళ్లంతా మాకూ మూసినవే ఇయ్యమన్నారు.

మగవాళ్ల వైపు మాత్రం కథ చెడింది. మిగిలిన మూసిన సీసాల్లో ఒకటి ఒక పెద్ద నాయకుడి చేతికి పోయింది. ఆయన నవ్వుతూనే, "ఏందన్నా, మా మీద నమ్మకం లేదా" అన్నాడట. మేడం అన్నకు తల కొట్టేసినట్టయింది. అందరి ముందు చెల్లెలిని పట్టుకుని, "నా హాల్ల, నా కొడుకు పెండ్లిల, నా చుట్టాలను దొంగలను చేసినవ్" అన్నాడు. మేడం ఏదో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. భోజనం చేయకుండానే మేము మహబూబాబాద్ బండి ఎక్కాం. ఆ తర్వాత అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు లేవు.

మా పట్టీ ఇప్పుడు జనగామలో ఒకరిద్దరు లస్సీ వాళ్లు వాడుతున్నారు, మహబూబాబాద్‌లో ఒక బాదంపాలాయన వాడుతున్నాడు. అంతకు మించి పెద్దగా ఏమీ జరగలేదు. నేను డిగ్రీ పూర్తిచేసి, ఒక చోట కుదురుగా ఉండలేక రెండు ఉద్యోగాలు వదిలి, హైదరాబాద్ శివారులో మూతలు చేసే ఒక చిన్న కంపెనీలో చేరాను. రింగు తెగాల్సినప్పుడు తెగుతుందా, తెగకూడనప్పుడు ఆగుతుందా చూడడం నా పని. ఆ ఉద్యోగం సంగతి చెప్పినప్పుడు మేడం, "జీతం సంగతి తర్వాత. గక్కడ దొంగల పీరియడ్ ఉన్నదా?" అని అడిగారు. లేదంటే, పెట్టియ్యమన్నారు.

కిడ్నీలు చెడిపోయాక డాక్టర్లు ఆమెకు నీళ్లు కొలిచి తాగమన్నారు. దవాఖాన మంచం మీద సీసా మూతలోనే నీళ్లు పోసుకుని, మూతెడు మూతెడు తాగేవారు. నేను చూడలేక మొహం తిప్పుకుంటే, ఎన్నో సీసాల మూతలు చూశాను గానీ ఒక మూతలో ఎన్ని నీళ్లు పడతాయో ఇప్పుడే తెలిసిందని నవ్వారు. చివరిసారి పోయినప్పుడు వాళ్ల అన్న మాట ఎత్తారు. ఆయన మంచివాడే, మొండివాడు అన్నారు. ఆయన హాల్లో ఎన్నో పెళ్లిళ్లు, ఎన్నో పుట్టినరోజులు జరుగుతాయి. మూసిన సీసాలే పంచాలని అక్కడ ఒక్క మాట పెడితే, జనగామ చుట్టూ అదే మర్యాద అయి కూర్చుంటుంది అన్నారు.

"నేనడిగితె ఇనడు. నువ్వడుగు."

"నేనెవరిని మేడం ఆయన్ను అడగడానికి?"

"తాగేదానివి. అడిగే హక్కు తాగేటోళ్లకే ఉంటది."

మేడం దినం, అంటే పెద్దకర్మ, బచ్చన్నపేటలో వాళ్ల అన్న ఇంటి ముందే చేశారు. నేనూ డోర్నకల్ అమ్మాయీ పోయాం. పత్తి చేల మధ్య ఇల్లు, పెద్ద టెంటు. భోజనాలయ్యాక ఆయనే స్వయంగా తిరుగుతూ కూల్‌డ్రింకులు ఇస్తున్నాడు. పనివాళ్లున్నా ట్రే ఎవరికీ ఇవ్వలేదు. కళ్లు వాచి ఉన్నాయి. చెల్లెలితో మాటలు లేకుండానే చెల్లెలు పోయిన మనిషి. నా ముందుకు వచ్చి, స్ట్రా వేసిన సీసా ఒకటి తీసి నా చేతికి చాపాడు. "నువ్వు మా చెల్లె శిష్యురాలివి కదా బిడ్డా. తాగు."

ఆ సీసాలో ఏమీ లేదని నాకు తెలుసు. దినం నాడు ఆ ఇంటి పెద్ద చేతిది కాదంటే ఏమవుతుందో కూడా తెలుసు. నా చెయ్యి సగం లేచింది. మళ్లీ ఒళ్లో పెట్టుకున్నాను.

"వద్దు పెద్దనాయినా. మూసింది ఇయ్యుండ్రి."

వెనక ఎవరో మగాయన, చావింట్ల కూడ గదే లొల్లా అని గొణిగాడు. మేడం అన్న మాత్రం సీసా అట్లాగే చాపి పట్టుకుని, చాలా మెల్లగా, "దీంట్ల ఏమున్నదని?" అన్నాడు.

"ఏం లేదు. నాకు ఎర్కనే. మీరు మంచోళ్లని మేడం చెప్పింది. కాని ప్రతి ఆడివిల్ల ప్రతి మనిషి గురించి గిట్ల ఎవరినన్న అడిగి తెల్సుకుంటదా? మూసింది ఇస్తె ఆ అవసరమే ఉండదు." ఆపకుండా అదీ అడిగేశాను. "మీ హాల్ల గూడ గట్లనే ఇయ్యాలె. మిమ్ములను అడుగుమన్నది."

ఆయన నన్ను చూశాడు, సీసాను చూశాడు. స్ట్రా తీసి కింద పడేశాడు. సీసా ఎత్తి, అక్కడే నిలబడి, గుటకలు వేస్తూ మొత్తం తానే తాగేశాడు. అది కోపమో, దాంట్లో ఏమీ లేదని రుజువో, ఇంకేమైనానో నాకు ఇప్పటికీ తెలియదు. తువ్వాలతో మూతి తుడుచుకుని లోపలికి పోయాడు. ఇక రాడనుకున్నాం. డోర్నకల్ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, పోదాం పా అక్కా అంది.

లేవబోతుంటే ఆయన వచ్చాడు. ఐసులోంచి తీసిన సీసాల పెట్టె మొత్తం భుజాన పెట్టుకుని వస్తున్నాడు. నీళ్లు కారి తెల్లచొక్కా ఒంటికి అంటుకుపోయింది. పెట్టెను టెంటు నడుమ దించాడు. హాలు సంగతి ఒక్క మాట అనలేదు. "ఎవలది వాళ్లు తీస్కోండ్రి" అని మాత్రం అన్నాడు.

ముందు నేను లేచాను. తర్వాత మేడం వదినగారు లేచింది. అలవాటు లేని ఆడవాళ్లు కొంగుతో మూత పట్టుకుని తిప్పుతుంటే, టెంటులో అక్కడొకటి ఇక్కడొకటి రింగులు తెగుతున్న చప్పుడు. ఆయన పెట్టె పక్కనే నిలబడ్డాడు. ఒకామె మూత రాక అవస్థ పడుతుంటే ఆయన చేతులు రెండూ అప్రయత్నంగా ముందుకు వెళ్లాయి. మధ్యలోనే ఆగాయి. ఆమె పళ్లు బిగించి తానే తిప్పుకునేదాకా ఆయన ఆ చేతులను వెనక్కి కట్టుకుని, తడి చొక్కాతో, అట్లాగే ఎండలో నిలబడి చూశాడు.